గీతల్లేని బొటనవేలు

మా అమ్మకు వేలిముద్రలు లేవు. పుట్టుకతో లేకపోవడం కాదు, ఒకప్పుడు ఉండేవి. పలాసలో నలభై ఏళ్లు జీడిపిక్కలు కోసేసరికి పోయాయి. పిక్క పెంకులో ఉండే రసం తగిలిన చోటల్లా తోలు నల్లబడుతుంది, పొక్కుతుంది, ఊడిపోతుంది, మళ్లీ వస్తుంది. అలా వచ్చీ పోయీ చివరికి ఏదో ఒక ఏడాది గీతలు రావడం మానేస్తాయి. రేషన్ దుకాణంలో మిషను మీద వేలు పెడితే ఎర్రలైటే వెలిగేది.

"దాలమ్మా, నువ్వు లేవంట" అనేవాడు డీలరు నవ్వుతూ.

"నాను నేకపోతే నీతో మాటాడతన్నది మీ అత్తేటి?" అనేది అమ్మ.

ఆ దాలమ్మ కూతురిని నేను. పేరు హైమావతి. చర్మవైద్యం చదివి, విశాఖపట్నంలో ఒక కంపెనీ ప్రయోగశాలలో చేరాను. మనిషి తోలును గాజు పళ్లేలలో పెంచి, కాలిన ఒళ్లకు అతకడం మా పని. డిగ్రీలకు, జీతానికి, తెల్లకోటుకు లోటు లేదు. బుద్ధి ఎంత ఉండేదో ఈ కథ చదివాక మీరే తేల్చండి.

అమ్మ కంటి పరీక్షకని వచ్చి నా దగ్గర వారం రోజులు ఉంది. నాలుగో రోజు ఆవిడ తాగి పెట్టిన గాజుగ్లాసు కడగబోతే దాని మీద జిడ్డు మరక కనిపించింది. అమ్మ చేతులు జిడ్డుగా ఉండటం వింతేమీ కాదు. షెడ్డులో ఆడవాళ్లంతా పనికి కూర్చునే ముందు ఆముదంలో బూడిద కలిపి రాసుకుంటారు. కానీ నా ఇంట్లో ఆముదం లేదు. నాలుగు రోజులుగా ఆవిడ ఆ వాసన కూడా చూడలేదు. పైగా మనిషి ఒంటిమీద నూనె గ్రంథులు లేని చోట్లు రెండే రెండు, అరచేతులూ అరికాళ్లూ. ఆ ముక్క చెప్పి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

మర్నాడు అమ్మను ప్రయోగశాలకు తీసుకుపోయి, ఆవిడ అరచేతి నుంచి ఆవగింజంత ముక్క తీశాను. పలచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపులో పెట్టాను. ముందు నేను చూశాను. తర్వాత ఆవిడను చూడమన్నాను.

"ఇటికలు పేర్సినట్టున్నాదే" అంది కన్ను తీయకుండా.

"నీ ఒంట్లో లోపలా బయటా ప్రతి గోడకూ ఇలాంటి పూత ఉంటుందమ్మా. ఉపకళ అంటారు. చోటును బట్టి దాని తీరు మారుతుంది. ఊపిరితిత్తుల్లో ఒకే వరస, బల్లపరుపు కణాలు. గాలి అటూ ఇటూ పోవాలి కదా. పేగుల్లో నిలువు స్తంభాల్లా ఉంటాయి, తిన్నదాన్ని పీల్చుకుంటాయి. గాలిగొట్టంలో ఉన్నవాటికి సన్నటి కేశాలుంటాయి, దుమ్మును పైకి ఊడ్చేస్తాయి. అరచేతిలో మాత్రం వరస మీద వరస. పైవి అరిగిపోతుంటే కిందివి ఎదిగి వస్తాయి."

"మరి ఈ సుట్టలేటి?"

"అవి గ్రంథులు. పైన ఉన్న పూతే లోపలికి గుంటలా దిగి చుట్ట చుట్టుకుంటే గ్రంథి. ఇక్కడ ఉండాల్సినవి చెమట గ్రంథులు. నీకు మాత్రం వాటి కణాలు తీరు మార్చుకున్నాయి. చెమట మానేసి నూనె ఊరుస్తున్నాయి."

అమ్మ కన్ను తీసి నన్ను చూసింది. "నలబై యేళ్లు అలగ కాల్సితే అవి మాత్రం ఏటి సేత్తాయి? వాటికీ ఇసుగొచ్చుంటాది."

విసుగు అనే మాట మా శాస్త్రంలో లేదు. అదే పనిగా దెబ్బ తగిలే చోట ఉపకళ తన రకాన్ని మార్చుకుంటుందని మాత్రం ఉంది. నేను ఆ ముక్కలో రంగు వేయకుండా మిగిల్చినదాని మీద పచ్చి జీడిరసం ఒక చుక్క వేశాను. పక్కనే నా చర్మపు కణాల మీద ఒక చుక్క వేశాను. సాయంత్రానికి నావి చచ్చి నల్లబడ్డాయి. అమ్మవి కులాసాగా ఉన్నాయి.

మా డైరెక్టర్ జయదేవ్‌కు చెప్పాను. ఆయన గొప్ప మాటకారి. అమ్మకు శాలువా కప్పాడు, "మీ చేతిలో బంగారం ఉందమ్మా" అన్నాడు. మూడు పేజీల అంగీకారపత్రం బల్ల మీద పెట్టాడు. అమ్మ రైలుకు వేళవుతోంది.

"నువ్వు సదివినావు కదా?" అని అమ్మ నన్ను అడిగింది.

"ఆఁ" అన్నాను. మొదటి పేజీ చూశాను నేను, అంతే.

అమ్మ బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తింది. గీతలు లేని నీలం మచ్చ పడింది. "ఇది వేలిముద్రా, సిరా ఒలికిందా?" అన్నాడు జయదేవ్. అందరం నవ్వాం. సాక్షి గడిలో నేను సంతకం పెట్టాను. దాని పైన ఉన్న వాక్యం కూడా చదవలేదు.

మూడేళ్లు పట్టింది. అమ్మ కణాలను పళ్లేలలో పొరగా పెంచడం, గ్రంథులతో సహా పెంచడం, ఆ పొరను ఇంకొకరి ఒళ్లు పరాయిదని తోసేయకుండా చూడటం. చివరికి పలాసలో అమ్మ పనిచేసే షెడ్డులోనే నలభైమంది ఆడవాళ్ల అరచేతుల మీద ఆ పొర అతికాం. నెల తిరిగేసరికి వాళ్ల చేతులు సన్నగా నూనె పట్టి మెరిశాయి. రసం చిందితే కొంగుతో తుడిచేసుకుని పనిలో పడిపోయారు. పొక్కు లేదు, మంట లేదు.

ఊర్వశి అని ఒక పిల్ల ఉండేది ఆ నలభైమందిలో. ఆరునెలల బిడ్డ తల్లి. జీడిరసం గోళ్ల సందుల్లోంచి అంత తొందరగా పోదు. బిడ్డ బుగ్గ ముట్టుకుంటే కందిపోతుందని, అది పుట్టిన దగ్గర్నుంచీ స్నానం పోయించేది అత్తే. కట్లు విప్పిన వారానికి నేను షెడ్డుకు పోతే ఊర్వశి నన్ను చెయ్యిపట్టి ఇంటికి లాక్కుపోయింది. పెరట్లో కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, తన రెండు చేతులతో నలుగు పెట్టింది. బిడ్డ ఏడుస్తోంది, తల్లి నవ్వుతోంది. నా చదువు ఎందుకు పనికొచ్చిందో ఆ పెరట్లో నాకు తెలిసింది. ఆ మాట ఇప్పుడు కూడా గర్వంగానే చెబుతాను.

ఇక తాళం సంగతి. దీన్ని దాచడానికి లేదు.

పొర పెంచుతున్న రెండో ఏడు జయదేవ్ నా గదికి వచ్చి, "డాక్టర్ గారూ, ఏదైనా తేడా చేస్తే ఈ గ్రంథుల్ని ఆపేసే ఏర్పాటు ఉండాలి కదా. రోగి భద్రత" అన్నాడు. సబబుగానే తోచింది. అమ్మ నూనెలో ఒక పదార్థం ఉంది. దానివల్లే ఆ గ్రంథుల మూతులు తెరుచుకుని ఉంటాయి. నేను పళ్లేలలో పెంచే కణాలకు ఆ పదార్థాన్ని తయారు చేసుకునే శక్తి తీసేశాను. దాన్నే విడిగా తయారు చేసి ఒక లేపనంలో కలిపాం. వారానికొకసారి లేపనం రాస్తే గ్రంథులు తెరిచి ఉంటాయి. రాయకపోతే తొమ్మిదో రోజుకు మూసుకుంటాయి. నేనే కట్టిన తాళం అది, నా చేతులతో. భద్రత అన్న మాట విని కట్టాను.

ఊర్వశి ఆ ఏడు వేసవిలో షెడ్డు మానేసి, కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుంది. ప్రతి ఆదివారం షెడ్డులో ఇచ్చే లేపనానికి వెళ్తే సూపర్‌వైజర్ ఇవ్వలేదు. కంపెనీతో ఒప్పందం ఉన్న షెడ్డుల్లో పనిచేసేవాళ్లకే లేపనమట. పని మానితే వచ్చి తోలు తిరిగి అప్పజెప్పాలట.

ఈ సంగతి నాకు అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేను పలాసలో దిగేసరికి లేపనం రాసి పదకొండో రోజు. ఊర్వశి అరచేతులు బన్నుల్లా ఉబ్బిపోయాయి. మూతులు మూసుకున్నా లోపల నూనె ఊరడం ఆగలేదు. దారి లేని నూనె లోపలే నిలిచి, తోలు పగిలి, నెర్రెల్లోంచి చీము కారుతోంది. ఆ పిల్ల చేతులు రెండూ గాలిలో పెట్టుకుని కూర్చుంది. బిడ్డకు మళ్లీ అత్తే నీళ్లు పోస్తోంది.

"తీయించీసుకోమంతన్నారు మేడమ్" అంది. "తీత్తే కింద ఏటుంటాది?"

ఏమీ ఉండదు. పచ్చి మాంసం ఉంటుంది. పొర అతకడానికి కింద తోలంతా ఒలిచింది మేమే కదా.

జయదేవ్‌కు ఫోన్ చేశాను. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "అంగీకారపత్రం మూడో పేజీ చూడండి డాక్టర్. ఆ కణాలు, వాటి నుంచి పెరిగినదేదైనా కంపెనీ ఆస్తి. ఎవరి చేతి మీద ఉన్నా సరే. దాత ఒప్పుకుంది, సాక్షి మీరే."

ఆ రోజు మూడో పేజీ మొదటిసారి చదివాను. చదివి అమ్మ ముందు కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "తోలు అద్దికిచ్చీసినానన్న మాట నాను" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

మర్నాడు ముప్పైతొమ్మిదిమందీ కత్తుల ముందు నుంచి లేచిపోయారు. ఊర్వశికి లేపనం ఇచ్చేదాకా పిక్క కోసేది లేదన్నారు. షెడ్డు ముందు చాపలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్లందరికీ కంపెనీ లేపనం ఆపేసింది. తొమ్మిది రోజులు గడిస్తే కాళ్ల దగ్గరికి వాళ్లే వస్తారని లెక్క వేసింది. ఆ లెక్క చెయ్యడానికి వాడిన పట్టికలు నేను తయారు చేసినవే.

నేను విశాఖ పోయి లేపనం దొంగిలిద్దామని చూశాను. నా తాళంచెవులు అప్పటికే పనిచేయడం మానేశాయి. పదో రోజు పొద్దున్నే, ఉత్త చేతులతో పలాసలో బస్సు దిగాను. నలభైమంది చేతులు ఎలా ఉంటాయో తలుచుకుంటూ షెడ్డు దగ్గరికి పోయాను.

వాళ్లు చాపల మీద వరసగా కూర్చుని ఉన్నారు. కబుర్లు చెప్పుకుంటున్నారు. చేతులు శుభ్రంగా, సన్నటి మెరుపుతో ఉన్నాయి. ఊర్వశి కూడా వరసలో ఉంది. దాని వాపు సగం దిగింది.

"ఏం రాశారు?" అని అరిచాను.

"ఏటి రాత్తాం? ఏటీ రాయనేదు" అంది అమ్మ.

అంటూనే పక్కనున్న ఆవిడ చేతులు తీసుకుని తన అరచేతులతో రుద్దడం మొదలుపెట్టింది. మెల్లగా, వేలు వేలునా, గోళ్ల మొదళ్ల దాకా. ఆవిడ తిరిగి తన పక్కనున్నావిడ చేతులు రుద్దింది. అలా వరస చివర ఉన్న ఊర్వశి దాకా.

చిన్నప్పుడు ప్రతి పొద్దునా చూసినదే ఇది. ఆ షెడ్డులో తన చేతికి తాను ఆముదం రాసుకునే ఆనవాయితీ లేదు. పక్కామెకు మనం రాయాలి, మనకు పక్కామె రాయాలి. ఎందుకని ఒకసారి అడిగితే అమ్మ చెప్పింది: "మన సేతి నెర్రి మనకి అలవాటైపోద్దే, కనబడదు. పక్కదానికి కనబడతాది." వరస మొదట్లో షెడ్డుకు పెద్దదైన అమ్మ కూర్చుంటుంది. కొత్త తోలు వచ్చాక ఆముదం మానేశారు కానీ రుద్దుకోవడం మానలేదు. రుద్దుకోకపోతే పనిలో కూర్చున్నట్టు ఉండదట.

ప్రయోగశాలలో మేం ప్రతి మనిషినీ విడిగా, ఒక్కొక్క గదిలో, చేతులకు సంచులు కట్టి పరీక్షించాం. తొమ్మిది రోజుల లెక్క అక్కడ పుట్టింది. వీళ్లు ఒకరి చేతులొకరు ముట్టుకుంటారని పట్టికలో ఒక గడి పెట్టాలని నాకు తోచలేదు. వేరేవాళ్లకు తోచకపోతే తప్పు కాదు. నాకు తోచకపోవడం తప్పే.

అమ్మ ఒంటి మీది గ్రంథులకు తాళం లేదు. ఆవిడ నూనెలో ఆ పదార్థం ఎప్పటిలాగే ఉంది. ఆ జిడ్డు చేతి నుంచి చేతికి పాకుతూ వరస చివరిదాకా పోతోంది. చివరి చేతికి అందేది రవ్వంతే, కానీ అది చాలు. ఊర్వశి షెడ్డు మానేసింది కాబట్టి ఆ వరసలోంచి పోయింది. అందుకే దాని చేతులు మూసుకుపోయాయి. సమ్మెలో మళ్లీ వచ్చి కూర్చుంది కాబట్టి తెరుచుకుంటున్నాయి.

ఇదంతా వాళ్లకు చెప్పాను. అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ తన చేతుల వైపు చూసుకుంది.

"అయితే ఆ మందు మాకెందుకు?" అంది ఊర్వశి.

ఆ మాట షెడ్డు గోడ దాటడానికి రెండు రోజులు పట్టింది, విశాఖ చేరడానికి ఇంకొక్క రోజు. నాలుగో రోజు జయదేవ్ కారులో దిగాడు, పక్కన లాయరుతో. ఈసారి శాలువా తేలేదు. తెచ్చిన నోటీసు అమ్మకు ఇచ్చాడు. అమ్మ దాన్ని నాకిచ్చి, "సదువు. పైకి సదువు" అంది.

చదివాను. దాలమ్మ అనబడే దాత, కంపెనీ ఆస్తియైన చర్మపు పొర గల ఏ వ్యక్తి చేతులనూ తాకరాదు. తాకినచో కంపెనీ రహస్యమును అనధికారంగా పంపిణీ చేసినట్లు పరిగణించబడును. సోమవారం విచారణ.

తాకొద్దని చెప్పించుకోవడం ఆ వరసలో చాలామందికి కొత్త కాదు. చెరువుల దగ్గర, గుమ్మాల దగ్గర వాళ్ల అమ్మమ్మలు ఆ మాట వినే బతికారు. మళ్లీ ఆ మాటే, ఈసారి టైపు చేయించి తెచ్చారు.

"ఎవలి సేతులు ఎవలు ముట్టుకోకూడదు?" అంది అమ్మ నెమ్మదిగా.

"మీరు, వీళ్లవి" అన్నాడు జయదేవ్. "అర్థం చేసుకోండమ్మా. ఇది మీ మేలు కోసమే."

అమ్మ లేచింది. జయదేవ్ పక్కనున్న లాయరు చెయ్యి పట్టుకుని, నిదానంగా, వేలు వేలునా రుద్దింది. ఆయన వెనక్కి లాక్కోబోయాడు కానీ నలభై ఏళ్లు కత్తి పట్టిన చెయ్యి అది. "నీకు తోలు అతకనేదు కదా బావూ, పరవానేదు" అని వదిలేసింది. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. కారు వెళ్లిపోయింది.

నవ్వు తగ్గాక అమ్మ నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయింది.

"సోమారం ఆల్లు నన్ను ముట్టుకోనివ్వరనుకో. ఆల్లు ఆపకపోయినా నాకు అరవైమూడేళ్లు. నాను పోతే ఈల్ల సేతులేటవుతాయి?"

నా దగ్గర జవాబు ఉంది. అది కూతురు అడగకూడనిది. ఆవిడే చెప్పింది.

"ఆ యేల అద్దాల మిషన్లో పెట్టడానికి ఆవగింజంత ముక్క తీసినావు కదా. అలగ నలబై తియ్యి. ఒక్కొక్కల్లకి ఒకటి పాతు."

"చెయ్యి పనికిరాకుండా పోతుందమ్మా. మళ్లీ పిక్క పట్టుకోలేవు."

"నలబై యేళ్లు పట్టినాను. సాలు."

వాళ్లకు అది పడుతుందని నాకు తెలుసు. ఆ నలభైమంది ఒళ్లు అప్పటికే మా అమ్మను సొంతమనుకున్నాయి. ఆ పొర మధ్యలో తాళం లేని ఆవగింజ ఒకటి నాటితే, అది ఊరే నూనెతో చుట్టూ ఉన్న గ్రంథులన్నీ, చేతులు రుద్దుకుంటే రెండో చేతివీ తెరిచి ఉంటాయి. ఎవరి చేతిలో వాళ్లకు తాళంచెవి ఉంటుంది.

శనివారం పొద్దున పిక్కల గది కడిగించి, నీళ్లు మరిగించి, నేను చదువుకున్న రోజుల్లో కొన్న సామాను తీశాను. అమ్మ కుడిచేతికి మత్తు ఇచ్చాను. ఒకటి, రెండు, మూడు. అమ్మ నా ముఖం చూస్తూ కూర్చుంది. పదహారో ముక్క దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నేను ఏడ్చాను. కత్తి పట్టుకుని, తల వంచుకుని గట్టిగానే ఏడ్చాను.

"ఏడుత్తే ఏడువు. సెయ్యి మాత్రం ఆపకు" అంది అమ్మ.

ఆదివారం మధ్యాహ్నానికి నలభై చేతుల్లో నలభై గింజలు నాటాను. ఆఖరిది ఊర్వశికి. అమ్మ కుడి అరచేతిలో నలభై చిన్న గుంటలు మిగిలాయి. బొటనవేలు ఒక్కటీ వదిలి చేతినంతా కట్టేశాను.

సోమవారం విచారణ గది బయట జయదేవ్ నన్ను పక్కకు పిలిచాడు. ఆయనకు అంతా తెలిసిపోయింది. అయినా గొంతు మెత్తగానే ఉంది.

"డాక్టర్ గారూ, సాక్షి గడి పైన ఏముందో గుర్తుందా? 'పై విషయాలన్నీ దాతకు చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పాను' అని. కింద మీ సంతకం. లోపల అదే మాట చెప్పండి. పత్రం నిలబడుతుంది, మీ ఉద్యోగం నిలబడుతుంది. చదవలేదంటారా, అబద్ధపు సాక్ష్యానికి సంతకం పెట్టిన డాక్టరవుతారు. మీ వైద్యం పట్టా ఉంటుందో ఊడుతుందో ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. ఆ పట్టా కోసం అమ్మ ఎన్ని బస్తాల పిక్కలు కోసిందో నాకు తెలుసు. అది పోతే ఆవిడ కష్టం కూడా పోతుంది. నాకు నిజంగా భయం వేసింది.

విచారణాధికారి నడివయసు స్త్రీ, కళ్లద్దాల మీదుగా చూసే మనిషి. కంపెనీ లాయరు పత్రం చూపించాడు. కణాలు కంపెనీవి, వాటి నుంచి పెరిగిన పొర కంపెనీది, నలభైమందికి నిన్న నాటినవీ కంపెనీవే అన్నాడు. దాత వేలిముద్ర ఉంది, సాక్షిగా సొంత కూతురే ఉందని ముగించాడు.

అధికారి పత్రం తిరగేసి నీలం మచ్చను వేలితో చూపింది. "దీంట్లో గీతలు లేవే?"

"గీతలు లేకపోయినా సాక్షి ఉంది మేడమ్" అన్నాడు లాయరు.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు ఇది చదివి వినిపించారా?"

గదిలో వెనక బెంచీల మీద నలభైమంది కట్లు కట్టిన చేతులతో కూర్చుని ఉన్నారు. అమ్మ ముందు బెంచీలో ఉంది. ఆవిడ నా వైపు చూడటం లేదు. నన్ను కాపాడటానికే చూడటం లేదని అర్థమైంది.

"లేదు" అన్నాను. "చదివావా అని అమ్మ నన్ను అడిగింది. చదివానని అబద్ధం చెప్పాను. రైలుకు వేళవుతోంది. ఆవిడ నన్ను నమ్మి వేలు ఒత్తింది. ఈ కణాలు ఎవరి సొత్తవుతాయో, ఈ తోలుకు అద్దె ఉంటుందో లేదో ఆవిడకు తెలియదు. నాకూ తెలియదు. నేను మూడో పేజీ చదివింది ఈ పిల్ల చేతులు పగిలాక. ఆ సంతకం తప్పు. ఆ తప్పు నాది. దానికి ఏం చేస్తారో నన్ను చేయండి."

"డాక్టర్ గారు ఆవేశంలో ఉన్నారు" అన్నాడు లాయరు.

"ఉన్నాను" అన్నాను.

అధికారి చాలాసేపు ఏదో రాసుకుంది. తర్వాత, వినకుండా ఇచ్చిన ఒప్పుదల ఒప్పుదల కాదనీ, నోటీసు ఆ క్షణం నుంచి చెల్లదనీ, నా సంతకం సంగతి వైద్యుల మండలికి పంపుతున్నాననీ చెప్పింది. నా పట్టా ఏమవుతుందో ఇంకా తేలలేదు. కంపెనీ పై కోర్టుకు పోతామంటోంది, పోనివ్వండి. అక్కడా ఇదే చెబుతాను.

వెళ్లేముందు అమ్మ వాంగ్మూలం టైపు చేయించారు. మూడు పేజీలు వచ్చింది. సరిగ్గా మూడే. అధికారి దాన్ని నాకిచ్చి చదవమంది.

చదివాను. మొదటి మాట నుంచీ, నిలబడి, గట్టిగా. అమ్మ రెండుచోట్ల ఆపింది. ఒకచోట "దాత" అని ఉంటే, "దాత కాదు, దాలమ్మ అని ఎయ్యి" అంది. ఇంకోచోట "నా చర్మమును ఉచితంగా ఇచ్చితిని" అని ఉంటే, ఎవరికి ఇచ్చిందో నలభై పేర్లూ రాయమంది. రాశారు. ఆ నలభై పేర్లూ చదివి వినిపించాను. బెంచీల మీద ఒక్కొక్కరూ తన పేరు రాగానే తల ఊపారు.

చదవడం అయ్యాక అమ్మ కట్టులోంచి బయటకు వచ్చి ఉన్న బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తింది. మళ్లీ నీలం మచ్చే పడింది.

గుమాస్తా దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "దీంట్లోనూ గీతల్లేవు మేడమ్" అన్నాడు.

"గీతలు నేకపోతే ఏటి బావూ" అంది అమ్మ. "ఏలు నాదే. ఈపాలి ఇనీసి ఏసినాను."